"స్టామినా" అనే మాట ఎక్కడ పుట్టింది? ఒంటి బలమా, లోపలి బలమా?

బరంపురం టీచరమ్మ:
అందరికీ నమస్కారం. బరంపురంలో ట్యూషన్లు చెప్తుంటాను. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తున్న ఒక కుర్రాడు నన్నో ప్రశ్న అడిగాడు. "టీచర్, స్టామినా అంటే దమ్ము అని గ్రౌండులో చెప్తున్నారు. మా మామ్మకి స్టామినా ఎక్కువ అని ఇంట్లో అంటారు. ఆవిడ పరిగెత్తదు, బరువులెత్తదు. మరి ఇద్దరికీ ఒకే మాట ఎలా సరిపోతుంది?"

నిఘంటువు తీస్తే దమ్ము, సత్తువ, ఓర్పు, దారుఢ్యం అని వరసగా ఉన్నాయి. ఈ నాలుగూ ఒకటి కాదు కదా. అసలీ మాట ఎక్కడిది? మొదట్లో దాని అర్థం ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పండి. పిల్లాడికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకిష్టం లేదు.

కళింగ లెక్చరర్, పర్లాకిమిడి:
అమ్మా, పిల్లాడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఇది లాటిన్ మాట. ఏకవచనం "స్టామెన్", బహువచనం "స్టామినా". స్టామెన్ అంటే పోగు. అన్ని పోగులూ కాదు, మగ్గం మీద ముందుగా బిగించి కట్టే పడుగు పోగు. కాబట్టి స్టామినా అంటే అక్షరాలా పడుగు పోగులు.

"నిలబడు" అనే అర్థం ఉన్న ధాతువు నుంచి ఈ మాట వచ్చింది. ప్రాచీన గ్రీకుల మగ్గం మన గుంట మగ్గంలా నేలకు సమాంతరంగా ఉండేది కాదు, గోడకు చేరేసి నిలబెట్టేవారు. పైన అడ్డకర్రకు పోగులు కట్టి, కింద కొసలకు మట్టి గుండ్లో రాతి గుండ్లో వేలాడదీసేవారు. రోమన్ల పాత మగ్గమూ నిలువుదే. పోగు నిలబడి ఉంటుంది కాబట్టి ఆ పేరు.

రోమన్లు ఇదే మాటను కదురు నుంచి దిగే దారానికి కూడా వాడారు. అక్కడే కథ మలుపు తిరిగింది. వాళ్ల పురాణంలో ముగ్గురు విధి దేవతలున్నారు. ఒకామె ప్రతి మనిషికీ ఆయుష్షు దారం వడుకుతుంది, ఒకామె కొలుస్తుంది, ఒకామె తుంచుతుంది. గ్రీకుల్లో వాళ్ల పేర్లు క్లోతో, లాకెసిస్, అట్రోపోస్. రోమన్లు నోనా, డెసిమా, మోర్టా అన్నారు. ఆ దారమూ స్టామెనే.

ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చినప్పుడు దీనికి బలం అనే అర్థం లేదు. ఒక వస్తువు ఏ మూలపదార్థంతో మొదలైందో ఆ తొలి పోగులు అని అర్థం. తర్వాత, మనిషికి పుట్టుకతో వచ్చిన ప్రాణశక్తి. "తట్టుకునే శక్తి, దెబ్బతింటే కోలుకునే శక్తి" అనే అర్థంలో 1726లో వాడినట్టు నిఘంటువులు చూపిస్తాయి. ఆ అర్థంలో పరుగు ఊసే లేదు చూడండి. మీ కుర్రాడి మామ్మకే ఆ మాట ముందు చెందుతుంది.

పట్టు మగ్గం, బరంపురం:
లెక్చరర్ గారూ, ఇది పొద్దున్న చదివి మా నాన్నగారికి కూడా వినిపించాను. మా ఇంట్లో తరతరాలుగా పట్టు నేత. మా పెద్దలు ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇప్పటికీ మగ్గం దగ్గర మాటలన్నీ తెలుగే. రోజూ నోట్లో నానే స్టామినా అనే మాటలో పడుగు ఉందని ఎవరూ చెప్పలేదు. పడుగు అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

చీర పొడుగునా ఉండేది పడుగు. అడ్డంగా నాడెతో, అంటే దారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టుతో, వెళ్లేది పేక. పేకకు పెద్ద కష్టం లేదు. కండెకు, అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి, చుట్టుకుని ఉంటుంది, నాడెతో పాటు ఒకసారి అటు వెళ్తుంది, దువ్వెన లాంటి పన్నె దెబ్బ ఒకటి పడగానే గుడ్డలో కలిసిపోతుంది. పడుగు పని అది కాదు. మగ్గం ఎక్కిన రోజు నుంచి నేత ముగిసేదాకా బిగువు మీదే ఉండాలి. కాళ్లతో తొక్కినప్పుడల్లా సగం పోగులు పైకి లేస్తాయి, సగం కిందకు దిగుతాయి. పన్నె కొట్టినప్పుడల్లా దాని పళ్లు పోగును ఒరుసుకుంటూ పోతాయి. ఒక పోగు గుడ్డలోకి చేరేలోపు ఈ రాపిడి ఎన్నోసార్లు భరించాలి. అది తట్టుకోలేని దారం పేకకు పనికొస్తుంది, పడుగుకు పనికిరాదు.

అందుకే పట్టులో పడుగు దారాన్ని వేరుగా తయారు చేస్తారు. ముందు ఒక్కో పోగుకు పురి ఎక్కిస్తారు. తర్వాత రెండు మూడు పోగులు కలిపి ఎదురు పురి ఎక్కిస్తారు. పేకకు అంత పురి అక్కర్లేదు, తక్కువ పురిలోనే మెరుపు బాగుంటుంది. నూలైతే పడుగుకు గంజి పట్టిస్తారు. గంజి సరిగ్గా పట్టకపోతే మగ్గం మీద పోగులు నూగు లేచి, ఒకదాన్నొకటి పట్టుకుని తెగుతాయి.

కొనేవాళ్లు చీర చేతిలోకి తీసుకుని రంగు చూస్తారు, అంచు మీద కుంభాలు, అంటే గుడి గోపురం లాంటి కోణాల నమూనా, చూస్తారు. పడుగు వెనక పని ఎవరికీ కనపడదు. ఆసు పోయడం, అంటే పోగులను పడుగు పొడవుకు వరసగా పేర్చడం, చిక్కు తీయడం, కండెలు చుట్టడం ఇంట్లో ఎక్కువగా ఆడవాళ్లు, పెద్దవాళ్లే చేస్తారు. నేసేవాడు మగ్గంలో కాళ్లు పెట్టేసరికే చీర బలం నిర్ణయమైపోయి ఉంటుంది. కూలి లెక్క కట్టేటప్పుడు మాత్రం నేసినవాడి పేరే వినిపిస్తుంది. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మామ్మకి స్టామినా ఎక్కువ అన్నవాళ్లు సరిగ్గానే అన్నారు.

మందార, జయపురం:
నేను బోటనీ చెప్తాను. పువ్వులో పుప్పొడి మోసే భాగాన్ని స్టామెన్ అంటాం, తెలుగులో కేసరం. అదీ ఈ మాటే. పువ్వు మధ్యలో సన్నటి పోగుల్లా నిలబడి ఉంటాయి కనుక. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1735లో మొక్కలను వర్గాలుగా విడగొట్టినప్పుడు ముందు కేసరాల లెక్కే చూశాడు. మందారంలో కేసరాల కాడలన్నీ కలిసి ఒకే గొట్టంగా ఉంటాయి, పిల్లలకు చూపించడానికి అదే సులువు.

వంశధార శాస్త్రి, గుణుపురం:
లెక్చరర్ గారు చెప్పిన ధాతువు మనకు కొత్తది కాదు. సంస్కృతంలో "స్థా". స్థానం, స్థితి, స్థిరం, స్థైర్యం అన్నీ దానివే. కానీ అంతకంటే దగ్గరి చుట్టం ఒకటుంది. "స్థామన్" అనే శబ్దం. లాటిన్ స్టామెన్, గ్రీకు స్టేమోన్, సంస్కృతం స్థామన్ ఒకే మూసలోంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్తారు. గ్రీకులోనూ దాని అర్థం పడుగే.

మన దగ్గర దాని అర్థం ఏమిటో తెలుసా? బలం. అమరకోశం రెండో కాండలో బలానికి పర్యాయపదాలు చెప్తూ "ద్రవిణం తరః సహోబలశౌర్యాణి స్థామ శుష్మం చ" అంటాడు. చిన్నప్పుడు మేం గొంతెత్తి వల్లించిన శ్లోకం. బౌద్ధ గ్రంథాల భాష పాలీలో అదే "థామ", అక్కడా బలమే. అంటే లాటిన్‌లో పోగుగా ఉన్న మాట ఇంగ్లీషుకు వచ్చి బలంగా మారడానికి 18వ శతాబ్దం దాకా పట్టింది. మన వైపు అది ఎప్పుడో బలమైపోయింది.

ఈ మాట మీ అందరి నోళ్లలోనూ ఉంది. అశ్వత్థామ. అశ్వం, స్థామ కలిసిన పేరే అది. పుట్టగానే గుర్రంలా సకిలించాడని, ఆ ధ్వని దిక్కులకు వ్యాపించిందని భారతం ఆదిపర్వంలో పేరుకు కారణం చెప్తుంది. గుర్రం బలం కలవాడు అని కూడా పండితులు అర్థం చెప్తారు.

ప్రశ్నించేవాడు, రాయగడ:
శాస్త్రి గారిమీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంటర్నెట్‌లో ప్రతి ఇంగ్లీషు మాటా సంస్కృతం నుంచే వచ్చిందని రాసేవాళ్లు ఎక్కువయ్యారు. ఇదీ అలాంటిదేనా? రెండు మాటలు వినడానికి ఒకేలా ఉంటే చుట్టాలైపోతాయా?

వంశధార శాస్త్రి, గుణుపురం:
బాబూ, అడగడమే మంచిది. స్టామినా సంస్కృతం నుంచి వచ్చిందని నేను అనలేదు. లాటిన్, గ్రీకు, సంస్కృతం అక్కచెల్లెళ్లు. ఒకదాని కడుపున ఒకటి పుట్టలేదు. ఈ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించాడు. ఆ తర్వాత జరిగిన పనంతా ధ్వనులు ఏ నియమంతో మారాయో పట్టుకోవడమే. "స్థా", లాటిన్ "స్తారే", ఇంగ్లీషు "స్టాండ్" ఒకే వరసలో నిలబడేది ఆ నియమాల వల్ల, వినికిడి వల్ల కాదు.

తెలుగు ఆ కుటుంబం కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఎల్లిస్ 1816లోనే చెప్పాడు. కాబట్టి మన అచ్చ తెలుగు మాటలు విడిగా చూడాలి. అక్కడా ఒక విశేషం ఉంది. "నిలు" అనే ధాతువు నుంచి నిలకడ వచ్చింది, నిలదొక్కుకోవడం వచ్చింది. సంబంధం లేని రెండు కుటుంబాలూ లోపలి బలాన్ని నిలబడడంతోనే చెప్పుకున్నాయి.

ప్రశ్నించేవాడు, రాయగడ:
ఇలా చెప్తే ఒప్పుకుంటాను. అక్కచెల్లెళ్ల వరసే కాబట్టి ఎవరి గొప్పా ఎక్కడా లేదు.

ప్రాణహిత, సిరొంచ:
గడ్చిరోలి జిల్లా నుంచి రాస్తున్నాను. మా ఊళ్లో తెలుగు, మరాఠీ రెండూ ఒకే వాక్యంలో నడుస్తాయి. మరాఠీలో పడుగు పేకలను "తాణా బాణా" అంటారు. ఆ తాణా సంస్కృతం "తన్" నుంచి, అంటే సాగదీయడం. తంతువు, తంత్రం అక్కడివే. తంత్రానికి పాత అర్థం మగ్గం, పడుగు అని చదివాను. శాస్త్రి గారు సరిచూడాలి. ఇంగ్లీషు "టెన్షన్" కూడా ఆ కుటుంబమేనా?

వంశధార శాస్త్రి, గుణుపురం:
మీరు చదివింది సరైనదే. వేదంలోనే తంత్రం అంటే మగ్గం మీది వస్త్రం అనే వాడుక ఉంది. ఒడియాలో నేతవాళ్లను తంతి అనడం రోజూ వింటున్నాం కదా. టెన్షన్ లాటిన్ "తెందెరె" నుంచి వచ్చింది, సాగదీయడం అని అర్థం. అదీ "తన్"కు చెల్లెలే. మనం "టెన్షన్‌గా ఉంది" అంటే లాగిపెట్టిన పోగులా ఉన్నామని చెప్పినట్టే.

పట్టు మగ్గం, బరంపురం:
అయితే రెండు మాటలూ ఒకే మగ్గం మీదివి. టెన్షన్ పడుగు మీద పడేది, స్టామినా ఆ పడుగే. టెన్షన్ లేకుండా నేత లేదు. పడుగు వదులుగా ఉంటే పేక సరిగ్గా కూర్చోదు, గుడ్డ ముడతలు పడుతుంది. మరీ బిగిస్తే పోగులు పటపటా తెగుతాయి. వాన రోజుల్లో ఒక బిగువు, ఎండల్లో ఒక బిగువు. చెయ్యి వేసి చూసి సరిచేసుకోవాల్సిందే.

గ్రౌండ్ కోచ్, ఛత్రపురం:
ఆలస్యంగా చూశాను. కుర్రాళ్లకు పరుగు నేర్పుతాను కాబట్టి నా వైపు మాట. పట్టు మగ్గం అన్నయ్య చెప్పింది చదివాక, మా పనికి ఇంతకంటే సరైన పేరు లేదనిపించింది.

నా దగ్గరికొచ్చే ప్రతి కుర్రాడూ మొదటి రోజే ఎంత వేగంగా పరిగెత్తగలడో చూపించాలనుకుంటాడు. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి రౌండు గాలిలా వెళ్తారు, మూడో రౌండులో కాళ్లు బరువెక్కి ఆగిపోతారు. వేగం వాళ్లకు ఉంది. దాన్ని మోసేది లేదు. అందుకని నేను మొదట నెలల తరబడి నెమ్మది పరుగే చేయిస్తాను. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మది. ఆ పరుగులో గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఇదేదీ అద్దంలో కనపడదు. ఛాతీ పెరగదు, చేతులు లావెక్కవు. కుర్రాళ్లకు విసుగొస్తుంది, కొందరు మానేస్తారు కూడా. ఉండిపోయినవాళ్లు పరీక్ష రోజున నాలుగో రౌండులోనూ పరిగెడుతూనే ఉంటారు.

కాబట్టి లెక్చరర్ గారూ, పుట్టుకతో వచ్చిన ప్రాణశక్తి అన్న ఆ పాత అర్థం మాత్రం నేను ఒప్పుకోను. స్టామినా తయారు చేసుకునేది.

ప్రశ్నించేవాడు, రాయగడ:
కోచ్ గారూ, పూర్తిగా అలా అనలేం. ఒకే ట్రైనింగ్ ఇచ్చినా అందరూ ఒకేలా ఎదగరు. ఒకడికి త్వరగా వస్తుంది, ఇంకొకడికి ఎంత చేసినా కొంతవరకే. ఒంట్లో వంశపారంపర్యంగా వచ్చేది ఉంది. దాన్ని కాదంటే రానివాడిని "నువ్వు కష్టపడలేదు" అని నిందించినట్టవుతుంది.

కళింగ లెక్చరర్, పర్లాకిమిడి:
ఈ వాదన ఆ మాటలోనే ఇమిడి ఉంది. విధి దేవత వడికిన దారం మనం అడిగి తెచ్చుకున్నది కాదు. మగ్గం మీది పడుగు మనుషులు చేసుకున్నది. లాటిన్ రెండింటినీ ఒకే మాటతో పిలిచింది. ఇంగ్లీషువాళ్లు మొదట దేవతల దారాన్నే పట్టుకున్నారు. ఈ రోజుల్లో కోచ్‌లు, డాక్టర్లు మగ్గం వైపుకు వచ్చారు.

ఇచ్ఛాపురం ఆడపడుచు, బరంపురం:
నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతుంటాను. మాది ఉద్దానం వైపు. మా ఆయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ కోసం బరంపురంలో ఉంటున్నాం. వారం వారం ఆసుపత్రి, మధ్యలో పథ్యం వంట, నీళ్లు కొలిచి ఇవ్వడం, పిల్లల చదువు. అక్కడ ఒక నర్సమ్మ "మీకే ముందు స్టామినా కావాలమ్మా" అంది. ఆ మాట తలలో ఉండిపోయింది.

ఆ దేవతలు దారం ముందే కొలిచి పెట్టారని చదివాక మనసు బాగోలేదు. పొడుగు ముందే రాసి ఉంటే నేను చేస్తున్నదంతా ఎందుకు? కొన్ని రోజులు నాలో ఏ పోగూ మిగల్లేదనిపిస్తుంది. పెద్దలు ఏమంటారు?

పట్టు మగ్గం, బరంపురం:
అక్కా, మగ్గం సంగతే చెప్తాను, నాకు తెలిసింది అదే.

ఎంత మంచి పడుగైనా తెగుతుంది. ఒక్క పోగూ తెగకుండా చీర దిగిందని చెప్పే నేతగాడిని నేను చూడలేదు. తెగిన పోగును అలా వదిలేస్తే గుడ్డలో చీలిక పడుతుంది, పక్క పోగుల మీద బరువు పెరిగి అవీ తెగుతాయి. అందుకే తెగిన వెంటనే మగ్గం ఆపుతాం. మగ్గం ఆపడం మాకు తప్పు కాదు, పనిలో భాగం. చిన్న ముక్క దారం తీసుకుని రెండు కొసలకూ ముడేసి, పన్నెలోంచి మళ్లీ లాగి, బిగువు చూసి, అప్పుడు మొదలుపెడతాం.

ఒక్కదానివే అన్నీ పట్టుకుని ఉన్నట్టు రాశావు. పడుగులో వేల పోగులుంటాయి, బరువు అన్నిటి మీదా పడుతుంది. ఏదో ఒక పని ఎవరికైనా అప్పగించు. మేం పట్టు వీధుల వైపు ఉంటాం, ఆసుపత్రి దగ్గర తోడు కావాల్సి వస్తే మెసేజ్ పెట్టు, మా ఇంట్లోవాళ్లు వస్తారు.

గ్రౌండ్ కోచ్, ఛత్రపురం:
చెల్లెమ్మా, నేనూ ఒకటి చెప్తాను. ఒంట్లో ఆ మార్పులు పరుగు సమయంలో కాదు, విశ్రాంతి సమయంలో జరుగుతాయి. నిద్ర లేకుండా రోజూ పరిగెత్తే కుర్రాడు వెనకబడిపోతాడు. మీరు డయాలసిస్ లేని రోజు మధ్యాహ్నం ఒక గంట పడుకోండి. అది సోమరితనం అనుకోవద్దు.

కళింగ లెక్చరర్, పర్లాకిమిడి:
అమ్మా, ఆ దేవతల కథ మీకు నొప్పి కలిగించింది, కాబట్టి మిగతా భాగం కూడా చెప్పాలి.  రోమన్లు దారం పొడవును ఎప్పుడూ దీవెన అనుకోలేదు. ఒక రోమన్ కవి గ్రీకు కథల్లో మూడు తరాలు బతికిన నెస్టర్ అనే రాజు గురించి రాస్తూ, కొడుకు చితి ముందు నిలబడి తన దారం మరీ పొడుగైందని ఆ ముసలాయన మొరపెట్టుకున్నాడంటాడు. ఆ దారం ఉన్నన్నాళ్లూ దానితో ఏం నేస్తామన్నది మన చేతిలోనిదని నేననుకుంటాను. మీరు నీళ్లు కొలిచి ఇచ్చే ప్రతి పూటా మీవారి రోజు నడుస్తోంది. నర్సమ్మ చెప్పిన మాట ఆ 1726 నాటి అర్థంలోనే ఉంది. తట్టుకోవడం, కోలుకోవడం. రెండోదీ దానిలో ఉందని మరచిపోకండి.

ఇచ్ఛాపురం ఆడపడుచు, బరంపురం:
అందరికీ దండాలు. తమ్ముడూ, మెసేజ్ పెడతాను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
లోపలి బలం గురించి మాట్లాడుతూ మా ఊళ్లో గిడుగు రామమూర్తి గారిని తలవకపోతే ఎలా? 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష ఎవరూ పట్టించుకోనిది. సవర కుర్రాడిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వాడి చెవులు వినపడకుండా పోయాయి. భాష వినడమే పనిగా ఉన్న మనిషికి వినికిడి పోయింది! ఆ తర్వాత కూడా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. మధ్యలో వ్యావహారిక భాష కోసం పండితులందరితో పోరాటం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, అన్నేళ్లు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న పోయారు. ఈ రోజు మనం ఇక్కడ మాట్లాడే తెలుగులో రాసుకోగలుగుతున్నామంటే ఆయన చలవే.

ప్రశ్నించేవాడు, రాయగడ:
ఆయనది పట్టుదల అంటాను నేను. స్టామినా వేరు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
రెండూ ఉన్నాయి. వ్యాకరణం రాస్తానని కూర్చోవడం పట్టుదల. చెవులు పోయాక కూడా ఆ పనిని దశాబ్దాల పాటు మోయగలగడం స్టామినా. పట్టుదల ఉన్నవాళ్లు చాలామంది మధ్యలో విరిగిపోతారు.

బరంపురం టీచరమ్మ:
ఇంత వస్తుందనుకోలేదు. ఇంకో సందేహం. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి కదా, కరేజ్, గట్స్, మెటిల్, గ్రిట్. అవీ ఇలాగే ఏదో వస్తువు నుంచి వచ్చాయా?

కళింగ లెక్చరర్, పర్లాకిమిడి:
దాదాపు అన్నీ. కరేజ్ ఫ్రెంచి మీదుగా లాటిన్ "కోర్" నుంచి, అంటే గుండె. గట్స్ అంటే పేగులు. ప్లక్ అంటే కోసిన జంతువులోంచి లాగి తీసే గుండె, కార్జం, ఊపిరితిత్తుల మొత్తం. మన వైపు ఉర్దూ నుంచి వచ్చిన "కలేజా" కూడా కార్జమే. గ్రిట్ అంటే గరుకు ఇసుక. ధైర్యం అనే అర్థం 19వ శతాబ్దంలో అమెరికాలో వచ్చింది. మెటిల్ అయితే "మెటల్" అన్న మాటే. షేక్స్పియర్ కాలంలో రెండు స్పెల్లింగులకూ తేడా లేదు, లోహమన్నా మనిషి సరుకన్నా ఒకటే. 18వ శతాబ్దానికి విడిపోయాయి.

వీటిలో నాకు స్టామినా మీదే ఇష్టం ఎక్కువ. గుండె, పేగులు, ఇసుక, లోహం ఉన్నదాని పేర్లు. పడుగు ఒక్కటే రాబోయే పనికోసం ముందుగా సిద్ధం చేసి పెట్టేది.

మందార, జయపురం:
వ్యాకరణం సంగతి కూడా చెప్పండి. లాటిన్‌లో బహువచనమైతే ఇంగ్లీషులో ఏకవచనంగా ఎలా వాడుతున్నారు?

కళింగ లెక్చరర్, పర్లాకిమిడి:
మొదట్లో ఇంగ్లీషులోనూ బహువచనమే. మెల్లగా ఏకవచనమైంది. "అజెండా" కూడా అంతే. మనకు తిరగబడిన వాడుక ఉంది, నీళ్లు, పాలు ఒకే పదార్థమైనా బహువచనంలోనే అంటాం.

వంశధార శాస్త్రి, గుణుపురం:
ఒక్క మాట చేర్చి ఊరుకుంటాను. గజేంద్రమోక్షం పద్యం అందరికీ వచ్చు. మొసలితో పోరాడి పోరాడి ఏనుగు "లావొక్కింతయు లేదు" అని మొదలుపెట్టి "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అంటుంది. ఠావు అంటే ఉన్నచోటు, అదీ "స్థా" వంశమే. మొసలికి నీళ్లలో బలం పెరిగింది, ఏనుగుకు తగ్గింది. ఎంత బలమున్నా తన చోటు కాని చోట నిలబడాల్సి వస్తే ఎవరి స్టామినా అయినా కరుగుతుంది. ఇచ్ఛాపురం అమ్మాయి రాసింది చదివినప్పుడు నాకు ఆ పద్యమే గుర్తొచ్చింది. ఊరు వదిలి వచ్చి అద్దె గదిలో ఉండి ఇదంతా చేస్తోంది. ఆమెకు మన అండ కావాలి.

గ్రౌండ్ కోచ్, ఛత్రపురం:
పట్టు మగ్గం అన్నయ్యా, మా కుర్రాళ్లను ఒకసారి తీసుకొచ్చి పడుగు చూపించనా? నెమ్మది పరుగు ఎందుకని రోజూ అడుగుతున్నారు. నేను చెప్పేకంటే చూస్తే నమ్ముతారు.

పట్టు మగ్గం, బరంపురం:
తప్పకుండా రండి. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. వాన ఉంటే రావొద్దు, ఆ రోజు పడుగు బయటకు తీయం. వీధిలో పొడుగునా చాచి పోగులు సరిచూస్తుంటే చూపిస్తాను. అచ్చు అతికే పని ఉంటే మా అమ్మ దగ్గర కూర్చోబెడతాను. పాత పడుగు కొసకు కొత్త పడుగు కొస, ఒక్కో పోగూ వేళ్లతో పురి తిప్పి కలుపుతుంది. కుర్రాళ్లు చేతులు కడుక్కుని రావాలి, చెమట చేతులతో పట్టు ముట్టుకుంటే మరక పడుతుంది. టీచరమ్మ గారూ, మీ కుర్రాడిని కూడా పంపండి, వాళ్ల మామ్మ రాగలిగితే ఆవిడనూ.